గురువారం లెక్క

గురువారం పొద్దున ఏడున్నరకు మా మావయ్యగారు పోయారు. వంటింట్లోంచి నేను పరుగెత్తుకొచ్చేసరికి వరండాలో పడక్కుర్చీలోనే ఉన్నారు. పక్కన స్టూలు మీద సగం తాగిన కాఫీ ఉంది. డాక్టరుగారు వచ్చి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లాక మా ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అయ్యో, గురువారమా!" అని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. తండ్రి పోతే వారం చూసుకునే కొడుకుని ఏమనాలో మీరే అనుకోండి. అలా అనుకోకూడదనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మావయ్యగారికి ఒక నాటకం ఉండేది. వాళ్ల నాన్నగారి రోజుల్లో ఎవరో రాసిచ్చిన పద్యనాటకం. ఒక రాజు పంతానికి పోయి కొడుకుని దేశం నుంచి వెళ్లగొడతాడు. ఏళ్ల తర్వాత మారువేషంలో వంటవాడిగా చేరిన ఆ కొడుకు చేతి అన్నం తిని, ముద్ద మింగలేక గుర్తుపడతాడు. అంతే కథ. గాంధీనగర్‌లో ఒక పాత హాల్లో, ఆదివారం విడిచి ఆదివారం, సాయంత్రం ఆరింటికి తెర లేస్తుంది. టిక్కెట్టు లేదు. నేను కోడలిగా వచ్చేనాటికే అది ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పగలిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఒక్క ఆట మానలేదు. కరోనా రోజుల్లో హాలు తాళం వేస్తే మా మేడ మీద ఆడారు. ప్రేక్షకులం నేనూ అత్తయ్యగారూ. మూతికి మాస్కు కట్టుకుని రాజుగారు పద్యం పాడటం నేను చూశాను.

ఆ రాజు వేషం మొదట మావయ్యగారిదే. పళ్లు ఊడి పద్యంలో గాలి పోవడం మొదలయ్యాక, ఎవరూ చెప్పకుండానే కిరీటం కొడుక్కి ఇచ్చి తాను ద్వారపాలకుడి వేషానికి దిగారు. ఒకటే మాట. వెదురుకర్రకు వెండికాగితం చుట్టిన బల్లెం పట్టుకుని, నేలకు ఒక్క తాటింపు తాటించి, "మహారాజుగారు వేంచేస్తున్నారు!" అనడం. ఆ మాట వినపడితేనే రాజు లోపలికి రావాలి. "నా కొడుక్కి నేను గేటు దగ్గర మనిషిని" అని అందరికీ చెప్పుకుని మురిసిపోయేవారు. ఆ ఒక్క మాటకీ మధ్యాహ్నం మూడింటి నుంచి రంగు వేయించుకుని కూర్చునేవారు.

ఇక లెక్క సంగతి. రాజు మా ఆయన. మంత్రి మావయ్యగారి తమ్ముడు. సేనాపతి ఆ తమ్ముడి కొడుకు. వెళ్లగొట్టిన కొడుకు వేషం బయటివాడిది, మిగతా అందరూ దాయాదులే. మావయ్యగారు పోతే ముగ్గురికీ పదకొండు రోజుల మైల. మైలలో మొహాన రంగు వేయరు, హారతి పళ్లెం ముట్టరు. హారతి ఇవ్వకుండా ఆ నాటకం తెర లేవదు. ఈ సంగతి ఆయనకు డెబ్భయ్యో ఏట తట్టింది. తట్టిన దగ్గర్నుంచీ క్యాలెండరు ముందు నిలబడి వేళ్లు మడిచేవారు.

"చూడమ్మాయ్, ఆదివారం ఆట అయింది. సోమవారం పోయాననుకో, పదకొండో రోజు గురువారం. బాగుంది. మంగళవారం పోతే శుక్రవారం. బుధవారం పోతే శనివారం, తెల్లారితే ఆట. బుధవారం దాటితే మాత్రం కొంప మునిగిందే."

"ఏం మాటలండీ మావయ్యగారూ!" అనేదాన్ని.

"నా వల్ల ఆట ఆగకూడదమ్మా. ఇంకేం లేదు" అనేవారు. నవ్వుతూనే అనేవారు గానీ, అది నవ్వులాట కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకు చావంటే భయం లేదు, చెడ్డ వారంలో చావడమంటే భయం.

దాంతో ఆయన పద్ధతి విచిత్రంగా తయారైంది. ఆట అయిన మర్నాటి నుంచి బుధవారం దాకా ఇష్టారాజ్యం. బీపీ మాత్రలు వేసుకునేవారు కాదు. ఆవకాయ జాడీ ఎక్కడ దాచినా వెతికి పట్టుకునేవారు. గొడుగు లేకుండా ఎండలో బెంజ్ సర్కిల్ దాకా నడిచి వెళ్లి, ఎవరో పాత స్నేహితుడితో మిరపకాయ బజ్జీలు తిని వచ్చేవారు. గురువారం తెల్లారగానే మనిషి మారిపోయేవారు. మాత్రలు వేళకి, చప్పిడి కూర, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని. అక్కడినుంచి వచ్చే ఆట దాకా ఆయనంత బుద్ధిమంతుడు విజయవాడలో ఉండేవాడు కాదు. బుధవారం దాకా ఉన్న ఆ మొదటి మూడు రోజులూ అత్తయ్యగారు ఆయన వెంట తిరిగేవారు, జాడీ చీర కొంగు కింద పెట్టుకుని.

మా గేటుకి ఒక నల్లబల్ల ఉంది. దాని మీద ఆయన "ఈ నెల చూడదగ్గ నాటకాలు" అని సుద్దముక్కతో రాసేవారు. కొత్తవి రాయరు. ఏళ్ల తరబడి నిలబడి ఆడుతున్నవే. రైల్వేలో పనిచేసేవాళ్లు నెలకోసారి వేసే సాంఘికం. ఒక టీచరమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని గంటసేపు ఒక్కతే ఆడే నాటకం. ముగ్గురు అన్నదమ్ములు ఆడే హాస్యనాటిక, అందులో పెద్దాయనకు నిజంగానే చెవుడు, అది ఇంకా బాగుంటుంది. పక్కన సలహా కూడా రాసేవారు. "రెండో అంకంలో కునుకు తీయవచ్చు. చివరి పావుగంట వదలవద్దు." అమ్మవారి దర్శనానికి ఊళ్లోకి వచ్చిన చుట్టాలు సాయంత్రం ఏం చెయ్యాలో తోచక మా వీధిలోకి వచ్చి ఆ బల్ల చదువుకుని వెళ్లేవారు. మా నాటకం ఎప్పుడూ ఆఖరి లైనులో ఉండేది.

"మనది ముందు రాయొచ్చుగా మావయ్యగారూ" అన్నాను ఒకసారి.

"పక్కవాడి నాటకం చూసి బాగుందనుకున్నవాడే మనదానికొస్తాడు. మొదట మనది చూస్తే నాటకాలే మానేస్తాడు" అన్నారు.

నేను ఇబ్రహీంపట్నం పిల్లని. మా నాన్న కరెంటు ప్లాంటులో పనిచేసేవారు. మాకు తెలిసిన వినోదం సినిమా, లేదా టీవీ. పెళ్లైన మొదటి ఆదివారం ఆ హాల్లో మూడో వరసలో కూర్చుని, పద్యం సాగుతుంటే ఫోను చూసుకున్నాను. రాజు నా మొగుడే అయినా. మావయ్యగారు చూశారు. తర్వాతి ఆటకి బయల్దేరుతుంటే, "కథ నీకు తెలిసిపోయిందిగా. ఇవాళ స్టేజీ చూడమాక, జనాన్ని చూడు. ఎవరు ఎక్కడ కళ్లు తుడుచుకుంటారో నాకొచ్చి చెప్పు" అన్నారు. చూశాను. ఆ అన్నం ముద్ద దగ్గర, ముందు వరసలో ఒక పెద్దాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. ఆయన కొడుకుతో మాటల్లేవట. నాకు ఆ తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి నేను ఒక్క ఆట మానలేదు. అలా ఒక మనిషిని నాటకం వైపు తిప్పడం ఎవరైనా నేర్పితే వచ్చేది కాదు. ఆయనకు నేను ఆ రుణం చెప్పుకోలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

పోయేముందు రోజు, బుధవారం, భోజనాల దగ్గర ఆయన చాలా హుషారుగా ఉన్నారు. "మూడు రోజుల ముచ్చట తీరింది. ఇక పదిరోజులు నన్నెవరూ కదపలేరు" అన్నారు. మర్నాడు పొద్దున్నే లేచి మాత్ర వేసుకున్నారు కూడా. తర్వాత ఆయన వస్తువులు సర్దుతుంటే ఆ మాత్రల అట్ట నా చేతికి వచ్చింది. గురువారం గడి ఖాళీగా ఉంది. దాన్ని చూసినప్పుడు ఏడ్చినట్టు ఆయన్ను పడక్కుర్చీలోంచి కిందకి దించినప్పుడు కూడా నేను ఏడవలేదు. పాపం, గురువారం నుంచి మళ్లీ జాగ్రత్తగా ఉండటం మొదలుపెట్టిన మనిషి.

సాయంత్రానికి అన్నీ అయ్యాయి. చల్లపల్లి నుంచి మావయ్యగారి అన్నగారు వచ్చారు. మగవాళ్లంతా వరండాలో చాపల మీద కూర్చున్నారు. మా ఆయన తల ఎత్తడం లేదు.

"ఒక్క రోజు. ఒక్క రోజులో నాన్న లెక్క తప్పింది" అన్నాడు. "పదకొండో రోజు సరిగ్గా ఆదివారం పడింది. ఆయన దేనికి భయపడ్డాడో అదే అయింది."

"అవుతే ఏవైందిరా, ఒక్క ఆట ఆగితే లోకం మునిగిపోద్దా?" అన్నారు పెద్దాయన.

లోకం మునగదు. కానీ పదిహేనేళ్లుగా ఒక మనిషి కోరిన ఒక్క కోరికా ఆయనతోనే మునిగిపోతోందని మా అందరికీ గుండెలో రాయిలా ఉంది. అప్పుడు లోపల గదిలోంచి అత్తయ్యగారు, గొంతు బొంగురుగా, "ఆయన లెక్క తప్పలా. ఆయనకి లెక్కే రాదు" అన్నారు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని చెప్పారు.

"పదకొండో రోజు పెద్దకర్మ. పొద్దున స్నానాలు, పిండాలు, పన్నెండింటికి శుద్ధి, ఒంటిగంటకి భోజనాలు. ఆట ఎన్నింటికిరా? ఆరింటికి. రంగు ఎప్పుడేస్తారు? మూడింటికి. మజ్జెన ఏవుంది అడ్డం? గురువారం కూడా మంచిరోజే ఆయనకి."

మా ఆయన లేచి నిలబడ్డాడు. పంతులుగారికి అక్కడికక్కడే ఫోను చేశాడు. ఆయన అంతా విని, "మధ్యాహ్నానికి శుద్ధి అయిపోతుంది బాబూ, దోషమేం లేదు" అన్నారు. వరండాలో ఒకేసారి అందరం ఊపిరి వదిలాం. చావింట్లో "హమ్మయ్య" అన్న మాట నేను మొదటిసారి విన్నాను. అన్నది నేనేనేమో కూడా.

"మొగుడు పోయిన పదకొండో రోజు కొడుకు మొహాన రంగేసుకుంటే నలుగురూ ఏవనుకుంటారమ్మా?" అన్నారు చల్లపల్లి పెద్దాయన.

"ఏవనుకోరు బావగారూ. వాళ్లూ మూడో వరసలో కూర్చుని చూసి పోతారు" అన్నారు అత్తయ్యగారు.

తర్వాత ఆవిడకి మంచినీళ్లు ఇస్తూ అడిగాను. "ఇన్నేళ్లూ ఆయన వేళ్లు మడుస్తుంటే చెప్పలేదేం అత్తయ్యా?"

"చెప్తే గురువారం కూడా ఆవకాయ తినేవారు" అన్నారు ఆవిడ. "మూడు రోజులే కాపలా కాయలేకపోతున్నాను. నాలుగో రోజు కూడా ఎక్కడివ్వను?" అని, అప్పుడు ఏడ్చారు.

పదకొండో రోజు కర్మ భోజనాలు చేసినవాళ్లే హాలుకి వచ్చారు. చల్లపల్లి పెద్దాయన అందరికంటే ముందు వెళ్లి కూర్చున్నారు. లోపల మేకప్ గదిలో పెద్ద హడావుడి. రాజుగారికి గుండు, మీసం లేదు. కిరీటం జారిపోతుంటే లోపల తువ్వాలు కుక్కారు. మీసం జిగురుతో అంటించారు. మా ఆయన అద్దంలో చూసుకుని, "నాన్న చూస్తే రాజు పెళ్లికొడుకులా ఉన్నాడనేవాడు" అని నవ్వాడు. పదకొండు రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను.

హారతి ఇచ్చారు. హార్మోనియం మొదలైంది. తెర లేచింది. మంత్రి, సేనాపతి సభలో నిలబడి ద్వారం వైపు చూశారు. ద్వారం దగ్గర ఎవరూ లేరు.

మైలలో ఉన్న మూడు వేషాల గురించే అందరం కిందామీదా పడ్డాం. ద్వారపాలకుడి వేషం ఎవరు వేస్తారని ఒక్కరూ అనుకోలేదు. ఆ వేషంలో ఎప్పుడూ ఆయన ఉంటారు గనక అక్కడ ఖాళీ వస్తుందని ఎవరికీ తట్టలేదు. బల్లెం మాత్రం ఎవరో అలవాటుగా తెచ్చి తలుపు బొమ్మకు ఆనించి పెట్టారు. మా ఆయన పక్క తెర వెనక నిలబడి ఉన్నాడు. మూడో వరసలో కూర్చున్న నాకు అతని చెప్పుల కొనలు కనిపిస్తున్నాయి. ఆ మాట వినపడకుండా అడుగు వెయ్యడం అతనికి రాదు. హార్మోనియం మాస్టారు వాయించిందే రెండోసారి వాయించాడు. మంత్రి కళ్లనిండా నీళ్లు.

పక్కనుంచి అత్తయ్యగారి మోచెయ్యి నా డొక్కలో తగిలింది.

"చెప్పవే" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఎన్ని వందలసార్లు విన్నానో ఆ మాట. గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. "మహారాజుగారు వేంచేస్తున్నారు!" అని అరిచాను. హాలంతా నా వైపు తిరిగింది.

రాజుగారు వచ్చారు. మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. సింహాసనం వైపు వెళ్లాల్సినవాడు ద్వారం దగ్గర ఆగి, వాలిపోయి ఉన్న ఆ వెండికాగితం బల్లేన్ని రెండు చేతులతో నిలబెట్టి, జారకుండా ఉందా లేదా అని ఒకసారి చూసుకుని, అప్పుడు పద్యం ఎత్తుకున్నాడు.