మలేషియా మేడం అడిగిన పేరు

మొన్న ఆదివారం హైదరాబాద్‌లో ఒక సాహిత్య సభకు వెళ్లాను. సింగపూర్ నుంచి వచ్చిన రచయిత్రి భుజాల మీద నిర్వాహకులు శాలువా కప్పగానే, మూడో వరసలో ఒక్కదాన్నే కూర్చున్న నా దాకా డాంబర్‌గోళీల వాసన వచ్చింది. పురుగు పట్టకుండా బట్టల మడతల్లో పెట్టే తెల్ల గోళీల ఘాటు అది. చుట్టూ అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం బెల్లంపల్లిలో ఉన్నాను. అక్కడి గ్రంథాలయానికి ఉన్నది ఒకే ఒక్క శాలువా. అతిథులు మారేవారు గాని శాలువా మారేది కాదు. కప్పడం, ఫొటో దిగడం, మర్యాదగా వెనక్కి తీసుకోవడం, డాంబర్‌గోళీలు వేసి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేయడం. ఊళ్లో దొంగల భయం ఉందని కాదు, రచయితల మీద అంతగా నమ్మకం లేక.

మాది బొగ్గుబావుల ఊరు. పొద్దు గుంకే వేళకు క్వార్టర్ల ముందు బొగ్గు పొయ్యిలు రాజుకుని, ఎవరింటి పొగ ఏదో తెలియకుండా కలిసిపోయి, వీధి వీధంతా ఒకే దుప్పటి కప్పుకున్నట్టు ఉండేది. పొద్దున ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగు తేలేది, మా బడి యూనిఫాం రంగు అదే అనుకునేదాన్ని చాలా ఏళ్లు. షిఫ్టు మారే సైరన్ మోగితే గడియారం లేని ఇంట్లో కూడా ఎసరు పెట్టేవాళ్లు. మా బాపు బావిలో దిగేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా కనురెప్పల అంచున నలుపు మిగిలిపోయి, పెళ్లికొడుక్కి కాటుక పెట్టినట్టు ఉండేవాడు. మాట్లాడేది మాత్రం తక్కువ. పగలంతా చీకట్లో ఉండి వచ్చిన మనిషి, ఇంట్లో వెలుతురు చూస్తూ కూర్చోవడమే పెద్ద పని అన్నట్టు కూర్చునేవాడు.

మేం అమ్మను అవ్వ అంటాం. నాకు ముందు మా అవ్వకు ఇద్దరు పుట్టి పోయారు. పిల్లలు దక్కని ఇంట్లో తర్వాతి బిడ్డకు మా వైపు ఒక ఏర్పాటు ఉండేది. పుట్టగానే చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు, ఎవరికీ అక్కర్లేని సరుకు అన్నట్టు. చావు అటుగా వచ్చినా చూసి మొహం తిప్పుకుని పోతుందని ఆశ. కాసేపటికి పక్కింటావిడ ఎవరో దొరికిందని ఎత్తుకుంటుంది, కన్నతల్లి ఆమెకు తవుడిచ్చి కొనుక్కుంటుంది. నన్ను ఎత్తుకున్నది నర్సవ్వ, నా ధర చాటెడు తవుడు. బేరం ఆడలేదని అవ్వ గొప్పగా చెప్పేది. తర్వాత ముక్కు కుట్టించి పెంటమ్మ అని పేరు పెట్టారు. చావును మోసం చేయడానికి ఏర్పాటు బాగానే ఉంది. చిక్కేమిటంటే చావు మా బడికి రాలేదు, పిల్లలు వచ్చారు. సారు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గరికి రాగానే వెనక బెంచీ మొత్తం ముక్కులు మూసుకునేది. కొన్నాళ్లు ఏడ్చాను. ఆ తర్వాత వాళ్లకంటే ముందు నేనే ముక్కు మూసుకోవడం మొదలుపెట్టాను. వాళ్లు నవ్వకముందే నేను నవ్వేస్తే వాళ్ల నవ్వు పాతబడిపోయేది. నాకు జోకులేయడం అలా అబ్బింది, స్నేహితులు మాత్రం అబ్బలేదు.

దక్కిన ఒక్క పిల్లను గనక అవ్వ నన్ను వానలో తడవనిచ్చేది కాదు, ఎండలో నిలబడనిచ్చేది కాదు, బావి గట్టు వైపు తలైనా తిప్పనిచ్చేది కాదు. మృగశిర కార్తెలో మొదటి వానకు వీధి పిల్లలంతా చొక్కాలు విప్పి కేకలు వేస్తుంటే నేను కిటికీ ఊచల మధ్య నుంచి చెయ్యి మాత్రం బయటపెట్టేదాన్ని. మణికట్టు దాకా నేనూ తడిశాను. చింతగింజలతో ఆడే ఓనగుంటల పీట ముందేసుకుని రెండు వైపులా నేనే ఆడేదాన్ని, కుడి చెయ్యి ఒకరు, ఎడమ చెయ్యి ఒకరు. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఓడిపోయేది, పాపం అలిగేది కూడా. బతుకమ్మ నాడు తంగేడు పూలు, రంగులద్దిన గునుగు వరసలు వరసలుగా పేర్చి, పైన గౌరమ్మను నిలిపి, ఆడవాళ్లంతా చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతుంటే అవ్వ నన్నూ తీసుకెళ్లేది గాని చెయ్యి వదిలేది కాదు. ఒక చేత్తో చప్పట్లు ఎలా కొడతాం? నేను తొడ మీద కొట్టుకుంటూ తిరిగేదాన్ని. ఆ తర్వాత నువ్వుల సద్ది, పెరుగు సద్ది, రొట్టెలో బెల్లం కలిపి నలిపిన, నెయ్యి కారే మలీద ముద్దలు పంచుతుంటే వేరే పిల్లలు ఒకరి చేతిలోది ఒకరు లాక్కుని తినేవాళ్లు. నా చేతిలోది ఎవరూ లాక్కోలేదు. అంత నిశ్చింతగా మలీద తిన్న పిల్ల ఊళ్లో ఇంకొకతె ఉండదు.

గ్రంథాలయానికి మాత్రం అవ్వ అడ్డు చెప్పలేదు. అక్కడ బావి లేదు, పాము లేదు, వాన లేదు. పుస్తకం మీద పడి పిల్ల పోయిందని ఆమె ఎక్కడా వినలేదు. ఒక గది, ఒక వరండా, గోడకు చేరేసిన బెంచీలు. గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడు రాజలింగం సార్, రిటైరైన హెడ్మాస్టర్, పేపర్ను అందరికీ వినపడేలా చదివేవాడు, ఎవరూ అడక్కపోయినా. దర్జీ ఓదెలు మెడలో టేపు వేసుకునే వచ్చి వారపత్రికలో సీరియల్ చదివి, ఆ కోపమో దుఃఖమో మొహాన పెట్టుకుని మళ్లీ మిషన్ దగ్గరికి పోయేవాడు. ఆ వారం ఆయన కుట్టిన జాకెట్లన్నీ బిగుతుగా ఉంటే సీరియల్లో హీరోయిన్‌కు కష్టాలొచ్చాయని వీధికి తెలిసిపోయేది.

ఆ గ్రంథాలయానికి మలేషియా నుంచి ఒక రచయిత్రి వస్తోందని తెలిసినప్పుడు నాకు పదకొండేళ్లు ఉంటాయేమో. వాళ్ల పెద్దలు రబ్బరు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్లు. ఆమె కథల అనువాదం మా దగ్గర ఒక్క కాపీ ఉండేది. దాన్ని చదివింది నేనూ, చెదలూ. అయినా హాలు నిండింది. షిఫ్టు దిగిన మనుషులు కాటుక కళ్లతోనే వచ్చారు, సభ నిండుగా కనిపించడానికి మా బడి నుంచి రెండు తరగతులను తోలుకొచ్చారు. నేను గ్రంథాలయానికి ఒక్కదాన్నే పోతాను గాని అంత మందిలోకి ఒక్కదాన్ని పంపదు గనక అవ్వ కూడా వచ్చి ఆడవాళ్ల వైపు గోడవార కూర్చుంది.

రచయిత్రికి యాభై ఏళ్లుంటాయి. చీర కట్టుకోవడం ఎవరో ఆ పొద్దునే నేర్పినట్టుంది. శాలువా కప్పారు, రాజలింగం సార్ అధ్యక్షోపన్యాసం చేశాడు, అది అయిపోయేసరికి కరెంటు కూడా విసిగి పోయింది. ఆమె మైకు లేకుండానే మాట్లాడింది, అరవ యాస కలిసిన తెలుగులో, పదం పదం వెతుక్కుంటూ. పాలు కారే చెట్ల గురించి, చీకటితో లేచి ఆ చెట్లకు గాట్లు పెట్టే ఆడవాళ్ల గురించి చెప్పింది. ఇక పాఠకులు స్పందించాలని రాజలింగం సార్ ప్రకటించాడు. మా ఊళ్లో స్పందించడానికి చదివి ఉండాలన్న నియమం లేదు.

ముందు ఓదెలు లేచాడు. "మేడం, గా రబ్బరు చెట్టు మన మోదుగు లెక్కుంటదా, ఇంక పెద్దగుంటదా?"

"పెద్దగా ఉంటుంది. తాటి చెట్టు అంత పోదు," అన్నది ఆమె.

బావి మనిషి ఒకాయన లేచాడు. "ఆడ బొగ్గుబాయిలున్నయా మేడం? ఉంటె జర మమ్ముల యాదికుంచుకోండ్రి."

హాలంతా నవ్వు. ఆడవాళ్లలోంచి ఎవరో, "బతుకమ్మ ఆడుతరా బిడ్డా ఆడ?" అని అడిగారు. ఆడరని చెప్తే అయ్యో అని ఒక నిట్టూర్పు లేచింది. అంతసేపు ఆమె చెప్పిన కష్టాలన్నింటికీ రాని నిట్టూర్పు అది.

అప్పుడు ఆమె అన్నది. "నేను కూడా ఒకటి అడగాలి. మా అవ్వ, అంటే మా నాన్నకు తల్లి, పడవెక్కినప్పుడు కూలికి తీసుకెళ్లినవాళ్లు ఊరు పేరు రాసుకోలేదు. ఆమె పేరొక్కటే మిగిలింది. పెంటమ్మ. ఈ పేరు ఇటువైపు ఎక్కువ అని హైదరాబాద్‌లో చెప్పారు. దీని అర్థం ఏమి అని అడిగితే కాఫీ తెప్పించారు. మీరు చెప్పండి."

నా తరగతి పిల్లల తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగాయి. రాజలింగం సార్ గొంతు సవరించుకున్నాడు. ఎక్కడి నుంచో వచ్చిన అతిథికి మీ నాయనమ్మ పేరు పెంటకుప్ప అని ఎలా చెప్తాడు, మర్యాదస్తుడు. "అది లక్ష్మీదేవి పేరమ్మా. భూమికి బలం, పంటకు బలం. సమృద్ధి అన్నట్టు," అన్నాడు. ఓదెలు ఊరుకోలేక, "ఎనుకట గా పేరుతోని ఒక రాణి గూడ ఉండెనట," అని కలిపాడు. పక్కనున్నవాళ్లు ఉండెను, ఉండెను అన్నారు. క్షణాల్లో ఆ రాణికి ఒక కోట కూడా కట్టేశారు.

ఆమె సంతోషంగా రాసుకోవడం మొదలుపెట్టింది. ఊళ్లో పెద్దమనుషులంతా కలిసి నాకు ఒక రాజ్యం రాసిచ్చారు. నేను నోరు మూసుకుంటే చాలు. అది మలేషియాలో పుస్తకంలో అచ్చవుతుంది, రేపు హాజరు వేళ నేను రాణిని. వెనక బెంచీ మొహాల్లో అప్పటికే అనుమానం కనిపిస్తోంది, ఇన్నాళ్లూ ఎవరిని చూసి ముక్కు మూసుకున్నామా అని. జీవితంలో మొదటిసారి అబద్ధం నా ఇంటి తలుపు తట్టి కానుక ఇచ్చింది.

ఆమె రాస్తూ రాస్తూ తలెత్తి, తనలో తాను అనుకున్నట్టు అన్నది. "రాణి అంటే నిజమే ఉంటుంది. చిన్నప్పుడు పుట్టింట్లో మా అవ్వను వానలో తడవనిచ్చేవాళ్లు కాదంట. ఎవరితో ఆడుకోనిచ్చేవాళ్లు కాదంట. అక్కడ తోటలో వాన పడితే అందరూ చెట్టు కిందికి పరుగెత్తేవాళ్లు, మా అవ్వ మాత్రం బయటే నిలబడేది."

నేను లేచి నిలబడ్డాను. నిర్ణయించుకుని లేచానంటే గొప్పగా ఉంటుంది, కాళ్లు లేచాయి, నేను వాటి మీద ఉన్నాను. అంత దూరాన, నేను పుట్టకముందే పోయిన ఒక ముసలామె నాలాగే కిటికీ ఊచల వెనక పెరిగిందని ఆ క్షణం దాకా నాకు తెలియదు. ఆమెను రాణి అని చెప్తే ఆమె ఇక ఎవరికీ దొరకదు అనిపించింది.

"రాణి గాదు మేడం," అన్నాను. కరెంటు లేదు గనక అరిచి చెప్పాల్సొచ్చింది, ఫ్యాన్లు కూడా ఆగి ఉన్నాయి గనక ప్రతి అక్షరం గోడకు తగిలి తిరిగొచ్చింది. చాట, పెంటకుప్ప, తవుడు అన్నీ చెప్పాను. "ముందు పుట్టినోళ్లు సచ్చిపోతె గట్ల పెడుతరు. ఎవ్వలకు వద్దని చెప్తరు గని ఇంట్లోళ్లకు మస్తు గావాలె."

"నీకెవరు చెప్పారు?"

"నా పేరు గదే మేడం."

వెనక బెంచీలో ఒకడు అలవాటు కొద్దీ ముక్కు దాకా చెయ్యి తీసుకెళ్లి, ఏం చేయాలో తెలియక గోక్కున్నాడు. ఆమె రాసింది కొట్టేసింది. తర్వాత, "అయితే మా అవ్వకు ముందు ఎవరో ఉన్నారు. ఇక్కడే ఎక్కడో ఉండిపోయారు," అన్నది. నన్ను చూసి, "నీకు ముందు?" అని అడిగింది.

"ఇద్దరు," అన్నాను. ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ పైకి అనలేదు. గోడవార అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచింది.

నేనూ వెంట పరుగెత్తాను. సభ ఎలా ముగిసిందో చూడలేదు గాని, మేడం శాలువాతోనే జీపెక్కిందని, కళ్లు తుడుచుకుంటున్న మనిషిని అడగలేక రాజలింగం సార్ చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడని మర్నాడు ఊరంతా చెప్పుకుంది. తర్వాతి అతిథికి తువాలు కప్పారు.

అవ్వ ముందు, నేను వెనక. ఎన్నడూ నా చెయ్యి వదలని మనిషి ఆ రోజు వదిలేసి నడిచింది. ఎన్నాళ్లుగానో కోరుకున్న స్వేచ్ఛ దొరికితే ఏడుపొచ్చింది. రైలు గేటు పడి ఉండకపోతే అలాగే ఇంటి దాకా పోయేవాళ్లమేమో. బొగ్గు గూడ్సు, తోక కనపడనంత పొడుగు. ఆ చప్పుడులో అవ్వ అన్నది, పట్టాల వైపే చూస్తూ.

"గంత మందిల చెప్తవా?"

వ్యాగన్లు పోతూనే ఉన్నాయి.

"పెద్దోడు అచ్చం నీ లెక్కనే నల్లగ ఉండె," అన్నది. "రెండోది ఆడపిల్ల. మస్తు ఒర్రేది. గల్లీ అంత లేపేది."

"ఆళ్ల పేర్లేందవ్వా?"

"పేర్లేడియి? తొట్టెలనాడు గద పెట్టేది. తొట్టెల దాక ఆగిన్రా ఆళ్లు?" కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకొక్కదానికే పెట్టిన. ఏ పేరైతె ఏంది నాకు? పిలిస్తె పలికే పిల్ల గావాలె. గదే అడిగిన దేవున్ని."

గూడ్సు అయిపోయింది. చివరి డబ్బాలో గార్డు మాకు పచ్చజెండా ఊపాడు, మేమేదో ఇంజనైనట్టు. సినిమాలోనైతే తల్లీకూతుళ్లు వాటేసుకోవాల్సిన చోటు. మా అవ్వ నా చెయ్యి దొరకబుచ్చుకుని, "నడువ్, మీ బాపు వచ్చే యాళ్లయింది, పొయ్యి ముట్టియ్యలే," అన్నది.

మర్నాడు బడిలో అంతా మారిపోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. హాజరు పిలిస్తే వెనక బెంచీ యథాప్రకారం ముక్కులు మూసుకుంది. నేను మాత్రం మూసుకోలేదు, అంతే. పదో తరగతి పరీక్షకు ఫారాలు నింపేటప్పుడు, పైచదువుల్లో ఇబ్బంది అవుతుందని, పిల్ల బాగు కోరి సార్లే నా పేరు పద్మ అని రాశారు. అవ్వ వేలిముద్ర వేసింది, ఇంటికొచ్చి "ఓ పెంటీ, నీళ్లు తేవే" అన్నది.

హైదరాబాద్‌లో నా అపార్ట్‌మెంట్‌కు వచ్చాక కూడా అలాగే పిలిచేది, లిఫ్టులో, అందరి ముందు. ఆ గల్లీ ఇప్పుడు లేదు. బావులు మూతపడ్డాక క్వార్టర్లు కూల్చేశారు, మనుషులు తలో దిక్కూ పోయారు. పిల్లలు పుట్టి దక్కకపోవడం తగ్గింది, సంతోషమే. ఇప్పుడు పేరు పెట్టేముందు ఫోన్లో అర్థం వెతుకుతున్నారు, అన్నీ వెలుగు, కిరణం, ఆకాశం. మేడం పుస్తకం కోసం చాలా వెతికాను, రాసిందో లేదో తెలియదు.

పోయిన చలికాలం అవ్వ పోయింది. పదో దినం నాడు, వచ్చిన పదిమందీ వెళ్లిపోయాక, సాయంత్రం మెట్ల దగ్గర వాచ్‌మన్ కనిపించాడు. "మేడం, పగటీలి ఎవరో ముసలామె వచ్చింది. బెల్లంపల్లి నుంచట. చేతిల సంచి ఉండె. పెంటమ్మ ఇల్లేది బిడ్డా అని అడిగింది. గా పేరుతోని ఈడ ఎవ్వరు లేరని చెప్పి పంపిన," అన్నాడు.

చెప్పుల్లేకుండా రోడ్డు దాకా పరుగెత్తాను. బస్టాపులో అడిగాను, చాయ్ కొట్టు దగ్గర అడిగాను. ఎవరై ఉంటారో ఈ రోజుకూ తెలియలేదు. తెలిసినవాళ్లను అడుగుదామంటే, అడగడానికి ఎవరున్నారు?

వాచ్‌మన్‌ను ఏమంటాం? మంచి మనిషి. గేటు పక్కన ఇళ్లలో ఉండేవాళ్ల పేర్ల బోర్డు రోజూ తనే తుడుస్తాడు. అందులో చూసే చెప్పాడు.