ఉడుతలకు ఉచ్చు, బదనికకు పసుపు

తొంభైల్లో వేప్పనపల్లి దగ్గర మా మామిడితోటలో పెద్ద చెట్టుకు బదనిక పట్టింది. ఇంకో చెట్టు కొమ్మలో వేరు దించి, దాని రసం తాగి బతికే మొక్క అది. పూలు మాత్రం ఎర్రగా, కంటికింపుగా ఉంటాయి. బదనిక ఉంటే సిరి నిలుస్తుందని మావాళ్ల నమ్మకం. ప్రతి శుక్రవారం వదిన ఆ చెట్టు మొదట్లో పసుపు కుంకుమ పెట్టేది. అదే చెట్టు మీద తిరిగే ఉడుతలకు అన్న ఉచ్చులు పెట్టేవాడు.

"అన్నా, ఉడత కొరికితే కాయే పోతుంది. ఇది చెట్టునే తాగేస్తా ఉంది. ఆ కొమ్మ కోసేద్దాం."

"యాడ చదివినావప్పా ఇదంతా? పొట్లం కాగితాల్లోనా?"

"శుక్రవారం పూట లక్ష్మిని కోస్తానంటాడే!" అని వదిన మండిపడింది.

కొమ్మలు ఒక్కొక్కటే ఎండుతూ వచ్చాయి. చివరికి చెట్టే పోయింది. దాన్ని కొట్టించిన రోజు అన్న ఆ మొద్దు మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

"పక్క చెట్టుకూ పట్టింది, అన్నా. దాన్నన్నా కోద్దాం," అన్నాను.

"ముందు ఆ ఉడతల సంగతి చూడప్పా," అన్నాడు.