ఆవు మందు

మా నాయన క్యాసంబళ్ళిలో ఒక తెల్ల గుర్రాన్ని సాకుతాడు. పెండ్లికొడుకును ఎక్కించుకొని ఊరేగే మెరవణిగెలకు పోయే ఆడగుర్రం. పోయిన ఎండాకాలం దాని ముందుకాలి గాయం చీము పట్టింది. డాక్టరును పిలవకుండా మా చిన్నాయన పశువుల మందుల అంగడికి పోయినాడు. అంగడాయన ఆవులకు వేసే యాంటీబయోటిక్ సీసా చేతిలో పెట్టి, "ఆవుకు పనిచేసేది గుర్రానికి చెయ్యదా?" అన్నాడంట. సూది పొడిచింది కూడా చిన్నాయనే.

మూడో దినానికి గుర్రానికి నీళ్ళ మాదిరి భేది పట్టుకుంది. అప్పుడైనా ఆపినారా? లేదు. మళ్ళీ అదే అంగడికి పోయి, భేది నిలవను మనుషులు మింగే మాత్రలు తెచ్చి బెల్లంలో పెట్టి తినిపించినారు. పైన ఇంగో సూది.

నాయన ఫోను చేస్తే, నేను బెంగుళూరులో పాఠాలు చెప్పే బడికి లీవు పెట్టి, రైల్లో మారికుప్పం వచ్చి ఆటోలో ఊరికి పోయినాను. గుర్రం తల దించుకొని నిలబడి ఉండాది. కండ్లు లోపలికి పోయినాయి. తోకంతా తడిసి వెనక కాళ్ళకు అంటుకొని ఉండాది. నేను వెంటనే కోలారు నుంచి డాక్టరమ్మను పిలిపించినాను.

ఆమె గుర్రం చిగుళ్ళు నొక్కి చూసి, సీసా చేతికి తీసుకుని అడిగింది. "ఎవరు చెప్పినారు ఇది వెయ్యమని?"

నాయన చిన్నాయన వైపు చూసినాడు.

"పేగులో మంచి క్రిములు ఉంటాయి. ఈ మందు వాటిని చంపేసింది, చెడ్డవి పెరిగి విషం కక్కినాయి. ఆ మాత్రలు విషాన్ని లోపలే కట్టేసినాయి. ఇంగ రెండూ ఆపండి."

మెడ నరంలోకి సెలైను ఎక్కించింది. ఒక బాటిలు అయిపోతే ఇంకోటి, దూలానికి కట్టి వేలాడదీసినాము. ముక్కులోంచి గొట్టం దించి, విషాన్ని పీల్చే పొడి నీళ్ళలో కలిపి పోసింది. జ్వరానికి, నొప్పికి వేరే సూది. ఆ విషానికి గిట్టలు చెడకుండా నాలుగు కాళ్ళకూ ఐసు మూటలు కట్టించింది.

అప్పుడు చిన్నాయన నోరు తెరిచినాడు. "ఎల్లుండి శ్రీనివాసపురంలో పెండ్లి ఉండాదమ్మా. మాట ఇచ్చేసినాను. నాలుగడుగులు నడిస్తే చాలు."

"నువ్వే వీపు వంచి పెండ్లికొడుకును మోసుకొని పో!" అని అరిచినాను. జీవితంలో ఆయనమీద గొంతెత్తింది అదే మొదలు. నాయన నన్నే, "పెద్దోళ్ళతో అట్లా మాట్లాడతావా?" అన్నాడు. తన తమ్ముడు సూది పొడుస్తా ఉంటే గుర్రం కాళ్ళు పట్టుకొని నిలబడినాయన! చిన్నాయనమీద కంటే నాయనమీదే నాకు ఎక్కువ మండింది.

డాక్టరమ్మ వచ్చిన అయిదో దినానికి పేడ గట్టిపడింది. గుర్రం బతికింది గానీ, గిట్టలు దెబ్బతిని మెరవణిగెలకు పనికిరాకుండా పోయింది.

ఖాళీ సీసా తీసుకొని అంగడికి పోయినాను. "మీవాళ్ళే కదమ్మా అడిగినది?" అన్నాడాయన, చెయ్యి మందు కొనను వచ్చిన వేరే గిరాకీ వైపు చాపుతా. నేను వాడి ముందరే ఆ గిరాకీని అడిగినాను: "ఏ జీవానికప్పా?"

"మేకకు" అన్నాడు.

"డాక్టరును చూపించినావా?"

లేదని తల ఊపినాడు. అతని చేతిలో కూడా అదే సీసా.