కన్ను రుద్దనివ్వని చెయ్యి

దయ్యాలున్నాయన్న వాళ్లతో వాదించి నోరు మూయించిన మనిషిని నేను. చిత్తూరులో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. చూసిందీ చూడనిదీ కలిపి చెప్పేవాళ్లంటే నాకు గిట్టదు. అందుకని నాకు తెలిసినంతే రాస్తున్నాను.

నాకు పద్దెనిమిదో ఏట నుంచి కెరటోకోనస్ ఉంది. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, కార్నియా, పల్చబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు. కళ్లద్దాలు ఎన్ని మార్చినా చూపు కుదరదు. వీధి దీపం ఒకటుంటే నాకు ఆరేడు కనిపించేవి, ఒకదాని మీద ఒకటి జారుతూ. బోర్డు మీద నేను రాసిన మూడు నాకే ఎనిమిదిలా ఉండేది. పైగా ఒకటే దురద. చిన్నప్పటి నుంచి పిడికిలితో కళ్లు రుద్దుకునే అలవాటు. ఆ రుద్దడం వల్లే జబ్బు ముదిరిందని డాక్టరు తర్వాత చెప్పారు.

1984 నాటికి ఎడమ కన్ను మచ్చపడి పోయింది. కుడి కంటికి తిరుపతిలో ఒక ఆసుపత్రిలో, చనిపోయిన మనిషి ఇచ్చిన కార్నియా తెచ్చి కుట్టారు.

"ఇది నిలబడితే మళ్లీ పాఠం చెప్పుకోవచ్చమ్మా. నిద్రలో ఒక్కసారి గట్టిగా రుద్దితే కుట్లు తెగుతాయి. తర్వాత నా చేతిలో ఏమీ లేదు" అన్నారు డాక్టరు.

నర్సు గాజులన్నీ తీసేయమంది. మా అత్తగారు ఒప్పుకోలేదు. "మొగుడు గుండ్రాయి మాదిరి ఉండంగా బోడి సేతులేంది?" అని గొడవపడింది. చివరికి కుడి చేతికి రెండు మట్టిగాజులు మిగిల్చారు.

రాత్రిళ్లు అత్తగారు ఆ చేతిని తన కొంగుకు ముడేసుకుని పడుకునేది. పగలు ముడి లేదు. "సూస్తానే ఉంటా గదా" అనేది, కూర్చున్నచోటే కునికేది.

మూడో రోజు మధ్యాహ్నం, రెండు కళ్లకూ కట్టుతో నిద్రపోతున్నాను. నా చెయ్యి దానంతటది కంటి మీదికి లేచింది. కట్టుకు తగిలేలోగా ఎవరో మణికట్టు పట్టుకుని మెల్లగా గుండెల మీదికి దించారు. తడి చెయ్యి. చూపుడువేలు దారం కోసినట్టు గరుకుగా ఉంది.

"మంచిపని చేసినావత్తా" అన్నాను.

"నేనా? నేనిప్పుడే గదమ్మే కండ్లు తెరిసింది!" అంటూ దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చింది. "ఏందిమే, సెయ్యంతా మరువం వాసనొస్తాండాది? కంటికి కట్టు పెట్టుకోని నీకు పూల సోకేందే?"

ఆ వార్డులోకి పూలు రానివ్వరు.

మళ్లీ మళ్లీ జరిగింది. అన్నీ మధ్యాహ్నాలే. ఒకసారి నిద్ర నటించి, కావాలనే చెయ్యెత్తి చూశాను. ఎవరూ పట్టుకోలేదు. నేనే దించుకున్నాను. చిత్తూరుకు వచ్చేశాక కూడా నిద్రలో చెయ్యి లేస్తే ఆ తడి చెయ్యి వచ్చి దించేది. పడుకోవాలంటే భయం, మేలుకుంటే దురద. ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగేదాన్ని. కన్నిచ్చింది పూలు కట్టే ఆడమనిషి అయ్యుంటుందన్న ఊహ మనసులో చేరింది. అలా ఊహించినందుకు నా మీద నాకే కోపం వచ్చేది.

కన్నిచ్చిన వాళ్లది చంద్రగిరి అని వార్డు ఆయా ఎప్పుడో నోరు జారింది. చూపు కుదుటపడ్డాక అత్తగారూ నేనూ పండ్లు తీసుకుని వెతుక్కుంటూ వెళ్లాం.

నా ఊహ గుమ్మంలోనే తప్పింది. కన్నిచ్చింది మగమనిషి. బెల్లం వండే గానుగ దగ్గర పొయ్యికి మంటేసేవాడు. అతని భార్య వసారాలో కూర్చుని తడిపిన అరటినారతో పూలు కడుతోంది. ఒళ్లో మల్లెలు, మరువం. పక్కన ఖాళీ చాప పరిచి ఉంది.

నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి కన్ను చూసింది. "ఎరుపు లేదక్కా. పొగకు ఆయనవి ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. రేయంతా మంట కాడ ఉండి, పొద్దెక్కినాక వచ్చి ఈడ పండుకునేవాడు. నిద్దట్లో ఒకటే రుద్దుకునేది. నేను పూలు కడతానే సెయ్యి పట్టి దించేదాన్ని."

తనే నవ్వింది. "ఇప్పుడు గూడా మద్యానమైతే సెయ్యి అట్లనే పోతాది, ఆ సాప మిందికి. మా అత్త సూసి, పిచ్చి పట్టిందే నీకు అంటాది. ఒగోసారి గాజులు తగుల్తాయక్కా, రెండు. ఆయనకు గాజులేందబ్బా అనుకుంటా."

ఎప్పుడూ నోరు మూయని మా అత్తగారు నా కుడి చేతి వంక చూసి, నా కొంగు లాగి దాని మీద కప్పింది.

మేం ఏమీ చెప్పలేదు. చెబితే ఆ చెయ్యి ఆగిపోతుందేమోనని నా భయం. కుట్లు ఇంకా తీయలేదు. ఆమె తను పెట్టుకోని పూలు జానెడు తుంచి నా తల్లో పెట్టింది.

ఆ కార్నియా నిలబడింది. ఇది రాస్తున్నది ఆ కంటితోనే. దయ్యమందామంటే ఆమె నా ఎదురుగా కూర్చుని మాట్లాడిన మనిషి. కలందామంటే మా అత్తగారు వాసన చూసింది.

ఇప్పటికీ మధ్యాహ్నం నడుం వాల్చే ముందు కుడి చేతికి రెండు గాజులు ఉన్నాయో లేదో తడిమి చూసుకుంటాను.