గురువారం విప్పిన పంపు

కిరీటి టాక్సీని అతనూ మెకానిక్ నవాబూ కలిసి తోసుకొచ్చి నవాబ్ ఇంటి గేటు లోపల ఆపారు. పెట్రోలు పంపు పోయింది. వెనకసీటు ఎత్తి, ట్యాంకు నోరు విప్పి, లోపలున్న పంపు తీసి కొత్తది పెట్టాలి.

నవాబ్‌కు పని నేర్పినవాళ్లు లేరు. మైలవరం వైపు పొలాల్లో ఆయిల్ ఇంజన్లు విప్పి బిగిస్తూ తనే నేర్చుకున్నాడు. పెట్రోలుకన్నా దాని ఆవిరికే ఎక్కువ భయపడాలని కూడా అలాగే తెలిసింది. ముందు బ్యాటరీ తీగ ఊడదీశాడు. కారు తలుపులన్నీ తెరిచాడు. భార్య అన్వరీ చేత పొయ్యి ఆర్పించి, ఇసుక బకెట్టు పక్కన పెట్టుకున్నాడు.

“భాయ్, రేపు పొద్దున్నే గన్నవరంలో విమానం దిగేవాళ్లున్నారు,” అన్నాడు కిరీటి.

“ముందు నువ్వు ఆ ఫోను తీసుకుని వీధి చివరికి పో.”

పైపు మీద గుడ్డ కప్పి మెల్లగా ఊడదీశాడు. పంపును పట్టి ఉంచే రింగుకు ఇనుము తగిలి నిప్పురవ్వ లేవకుండా, కర్రముక్కతో తట్టి తిప్పాడు. పంపు సగం పైకొచ్చి, దాని చివరనున్న, పెట్రోలు మట్టం చూపే తేలే బెండు ట్యాంకు అంచుకు తట్టుకుంది. లాగితే విరుగుతుంది, వదిలితే పెట్రోలు చిమ్ముతుంది.

అంతలో సాంబ్రాణి వాసన వచ్చింది.

గురువారం! గవర్నర్‌పేట కొట్లకు పొగవేసి ఇంటికి పోతూ ఫకీరు మస్తాన్ బాబా ఈ గడపకూ పొగవేస్తాడు. ఎవరినీ అడగడు, ఎవరూ వద్దనరు. నవాబ్ అన్నీ చూసుకున్నాడు గానీ వారం చూసుకోలేదు. నిప్పుల గిన్నె ఊపుతూ, నెమలీకల కట్టతో విసురుతూ బాబా గేటు దాటాడు.

అరిస్తే ఉలిక్కిపడి నిప్పు రాలుస్తాడేమో!

“అన్వరీ,” అన్నాడు నవాబ్, గొంతు పెంచకుండా.

ఆమె గుమ్మంలోంచి చూసింది. పరుగెత్తలేదు. ఎదురెళ్లి, విసురుతున్న చేతిని పట్టుకుంది.

“బాబా, ఊపొద్దు. వెనక్కి నడవండి. పెట్రోలు తెరిచుంది.”

“బండికి కూడా పొగ వేస్తానమ్మా, మంచిది.”

“వేస్తే బండీ ఉండదు, మీరూ ఉండరు. నడవండి!”

ఆయన కారు వైపు చూశాడు. “యా అల్లా!” అంటూ మెల్లగా వెనక్కి అడుగులు వేశాడు.

బాబా వీధి మలుపు తిరిగేదాకా నవాబ్ కదల్లేదు. అప్పుడు బెండును పక్కకు వంచి పంపు బయటికి తీశాడు. కొత్తది దించి, ఆవిరి బయటికి రాకుండా రబ్బరు సీలు వేసి, రింగు బిగించాడు.

“బ్యాటరీ తగిలించనా?” అన్నాడు తిరిగొచ్చిన కిరీటి.

“ఆగు.” నవాబ్ చేతులు చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. “ఈ చేతులతో బిగించాను.”

“బానే బిగించారుగా భాయ్!”

“ఆ మాట నువ్వంటున్నావు. నేననడం లేదు.”

అన్వరీ గేటు గడియ పెట్టి, దానికడ్డంగా కుర్చీ వేసుకుంది. వేళ్లు కుదుటపడేదాకా నవాబ్ దేన్నీ ముట్టలేదు. తర్వాత కర్రముక్క అందుకుని రింగు మళ్లీ విప్పాడు.

సీలు ఒకచోట మడతపడి ఉంది.