రెండుసార్లు దగ్గిన మనిషి

మొన్న గురువారం పొద్దున నేను రొట్టెల పిండి కలుపుతుంటే మా అబ్బాయి దుకాణం నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, ముందు కూర్చో" అన్నాడు. నేను కూర్చోలేదు. డెబ్బై ఏళ్లు దాటినదాన్ని, ఏ మాటయినా నిలబడే వినగలను. "డ్రైవర్ మామ పోయినాడు. నిద్రలోనే అంట" అన్నాడు. పిండి చేత్తోనే గోడ పట్టుకున్నాను. ఆ తెల్లటి వేళ్ల గుర్తులు ఇంకా గోడ మీద ఉన్నాయి. కోడలు తుడుస్తానంటే వద్దన్నాను.

ఆ సాయంత్రం మనవరాలు తన ఫోనులోకి వచ్చిన సంతాపం చదివి వినిపించింది. సౌదీలో మా ఊరు ఖమీస్ ముషైత్‌లో ఉన్న తెలుగువాళ్లంతా ఉండే వాట్సాప్ గుంపు అది. ఎవరో పెద్దమనిషి పెట్టాడట: "కష్టజీవి. కాస్త భయస్తుడైనా మనసు మంచిది." దాని కింద ఇంకొకరు, వేటలో దగ్గి జంతువును పారగొట్టిన మన దగ్గుల డ్రైవరన్న ఇక లేడని రాశారట. ప్రేమగానే రాసి ఉంటారు. కానీ మనిషి మట్టిలో కలిసే ముందు అతని మీద ఆఖరి మాట అబద్ధం కాకూడదు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఎక్కడా మెత్తబరచొద్దని ముందే చెప్పాను. తమ్ముడు భయస్తుడు కాడు. దానికి సాక్షిని నేనొక్కదాన్నే. పదమూడేళ్లు నోరు కట్టుకుని కూర్చున్నాను, ఎందుకంటే తను బతికున్నంత కాలం చెప్పనని మాట ఇచ్చాను. ఆ మాట గురువారంతో తీరిపోయింది.

తమ్ముడంటే నా తోడబుట్టినవాడు కాదు. నాది కడప పక్క, అతనిది ఆదిలాబాద్ అడవి పక్క. నేను నమాజు చేసేదాన్ని, అతను గదిలో అగ్గిపెట్టెంత దేవుడి పటం పెట్టుకుని దండం పెట్టేవాడు. ఇద్దరం ఒకే కఫీల్ ఇంట్లో, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని ఇంట్లో పని చేశాం, నేను వంటకి, అతను కారుకి. మొదటి రోజే "అక్కా" అన్నాడు. అప్పటి నుంచి అక్కనే.

అతనికి ఒక అలవాటుండేది. నా వంటగదిలోకి నేరుగా వచ్చేవాడు కాదు. గడప బయట ఆగి, రెండుసార్లు దగ్గి, కాసేపు ఆగి, అప్పుడు కాలు పెట్టేవాడు. గొంతు బాగాలేని దగ్గు కాదు. తలుపు తట్టినట్టుండేది. మా ఇళ్లల్లో మగవాళ్లు ఆడవాళ్లున్న చోటికి వచ్చేటప్పుడు అలాగే దగ్గుతారు. సాయిబుల ఇంటి మర్యాద ఇతనికి ఎవరు నేర్పారా అనుకునేదాన్ని. ఒకరోజు అడిగాను.

"ఏం తమ్ముడూ, ఈ మర్యాద ఎవురు నేర్పినారు నీకు?"

"మా అమ్మ నేర్పిందక్కా. గుడ్డెలుగు కాడికి పోయేటప్పుడు గిట్లనే దగ్గాలె."

"అంటే నన్ను ఎలుగుబంటి అనుకుంటాండావా?"

"పొయ్యికాడ ఉన్నప్పుడు నిన్ను జూస్తే గట్లనే అనిపిస్తదక్కా."

చేతిలో ఉన్న అట్లకాడ విసిరాను. పట్టుకుని, కడిగి, మళ్లీ నా చేతికిచ్చాడు. అలాంటివాడు.

తర్వాత నిదానంగా చెప్పాడు. వాళ్ల పక్క ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలతాయి. ఊరంతా పొద్దున్నే ఏరుకోవడానికి పోతారు. ఎలుగుబంటి కూడా ఆ పూలకే వస్తుంది. అప్పుడు దానికి పిల్లలుంటాయి. అందుకని చెట్టు కిందికి పోయే ముందు దగ్గుతారు. అది విని పిల్లల్ని తీసుకుని పక్కకి పోతుంది. ఒక ఏడు వాళ్లమ్మకి గొంతు పూడుకుపోయి దగ్గు రాలేదు. చప్పుడు లేకుండా పోయింది. ఎలుగుబంటి ఒక చెంప, ఒక కన్ను తీసుకుపోయింది. ఊళ్లో మగవాళ్లు గొడ్డళ్లు పట్టుకుని బయల్దేరితే, ఆ తల్లి మొహానికి కట్టుతోనే లేచొచ్చి ఆపిందట.

"తప్పు నాది, చాటుగ వోయిన అన్నదక్కా మా అమ్మ. చాటుగ వోయినోడే దొంగ, గుడ్డెలుగు కాదు అన్నది."

ఇక పదమూడేళ్ల కిందటి వేట సంగతి. ఆ ఏడు చలి పోయి, కొండల మీద వానలు పడి పచ్చబడిన రోజులు. ఎర్ర సముద్రం పక్కన ఒక చోట నల్లరాయి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. కాలికి చెప్పు లేకపోతే నాలుగు అడుగులు వేయలేం. అక్కడ మా కఫీల్‌కి మేకల దొడ్డి ఉండేది. ఏదో జంతువు మేకపిల్లల్ని ఎత్తుకుపోతోందని కబురొచ్చింది. కఫీల్ తన నలుగురు స్నేహితుల్ని పిలిచాడు. తుపాకులు, గుడారాలు, సముద్రపు చేపలు, అదంతా వాళ్లకి పండగ. యజమానురాలు కూడా సముద్రగాలికి వస్తానంది, కాబట్టి వంటకి నేను. ఖమీస్ నుంచి కిందికి దిగే ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో పెద్ద బండిని తమ్ముడు ఎలా తోలాడో చూడాల్సింది. నా ఒళ్లో గుడ్ల బుట్ట ఉంది, ఒక్కటీ పగల్లేదు. అతను భయస్తుడట.

అతన్ని తీసుకువెళ్లింది తోలడానికి మాత్రమే కాదు. అడుగుజాడలు చూడటం అతనికి తెలుసని కఫీల్‌కి తెలుసు. మొదటి రోజే ఇసుక చూసి, మేకల్ని తింటున్నది తోడేలు కాదు, దుమ్ములగొండి అన్నాడు. ముందరి పాదం పెద్దది, వెనకది చిన్నది, అదే గుర్తు. కఫీల్ స్నేహితుల ముందు అతని భుజం తట్టి, నేల మీద రాసింది ఇతను చదువుతాడు అని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ పొద్దు తమ్ముడు నా వైపు చూసి, "ఇన్నవా అక్కా, బడికి పోనోళ్లం మనమిద్దరం గూడ సదువుకున్నోళ్లమే" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ నగలాగా ఉంటుంది.

మూడో రోజు పొద్దున గిన్నెలు తోమడానికి నీళ్లకి పోయాం. రాళ్ల మధ్య ఒక చోట అతను ఆగిపోయి గొంతుక్కూర్చున్నాడు. ఒక బొరియ, బయట ఎముకలు. ఇసుకలో పెద్ద పాదాల పక్కన నా బొటనవేలంత పాదాలు.

"పిల్లలున్నయక్కా. రెండో మూడో. తల్లి ఒక్కతే తెచ్చి పెడుతున్నది."

"కఫీల్‌కి చెప్పబాక" అన్నాను.

"చెప్పకున్నా దొరుకుతది. నిన్ననే ఈ దిక్కు చూసిండ్రు."

అంతే అన్నాడు. కడవ ఎత్తుకుని వచ్చేశాడు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక వాళ్లు అయిదుగురూ తుపాకులతో ఆ రాళ్ల వెనక పడుకున్నారు. తమ్ముణ్ని కూడా పక్కన పడుకోబెట్టుకున్నారు, జంతువు బయటికి వస్తే చెయ్యి చూపించమని. నేను కొంచెం ఎగువన రాతి చాటున పొయ్యి మీద అన్నం దించుతున్నాను. గాలి కూడా ఆగినట్టుంది. అప్పుడు వినిపించింది. రెండు దగ్గులు. కాసేపు నిశ్శబ్దం.

పన్నెండేళ్లు నా గడప బయట విన్న దగ్గు అది. ఆ తీరం మీద దాన్ని గుర్తుపట్టగలిగినదాన్ని నేనొక్కదాన్నే. రాళ్ల మీద ఏదో గీసుకుపోయిన చప్పుడైంది, ఒక తుపాకి పేలింది, ఆ గుండు సముద్రంలో పడింది. దుమ్ములగొండి ఆ రోజు బయటికి రాలేదు. పొద్దున చూస్తే బొరియ ఖాళీ. పిల్లల్ని నోట కరుచుకుని పోయిన జాడ కొండల వైపు ఉంది.

వాళ్లు అతన్ని తిట్టిన తిట్లు నా మనవరాలి చేత రాయించను. ఒకడు భయంతో గొంతు ఎండి దగ్గాడన్నాడు, అందరూ నవ్వారు. అక్కడి నుంచే ఆ భయస్తుడనే మాట పుట్టింది. కఫీల్ నవ్వలేదు. స్నేహితుల ముందు తల దించుకోవాల్సి వచ్చిందని మండిపోతున్నాడు. వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టించి ఇండియాకి పంపేస్తానన్నాడు. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు తమ్ముడి జీతం మీద చదువుకుంటున్నారు. ఒక్క మాట చెబితే చాలు, నిజంగా ఒంట్లో బాగాలేదు, క్షమించండి అని. అతను చెప్పింది ఇంతే: "దగ్గు వచ్చింది బాబా." అబద్ధం కాదు. ఎందుకు వచ్చిందో ఎవరూ అడగలేదు.

నేను అడిగాను. "నీ కడుపు కొట్టుకున్నావు గదరా. ఎందుకట్ల చేసినావు?"

"వాళ్లు అయిదుగురు, అది ఒక్కతి. పొయ్యేది దాని ఇంటికి. దగ్గకుంట ఎట్ల పోతం అక్కా?" అన్నాడు. తర్వాత, "నేనున్నన్ని దినాలు ఈ ముచ్చట నీ కడుపుల దాచుకో. తన డ్రైవరే కావాలని దగ్గిండని దోస్తులకు తెలిస్తె కఫీల్ ఇజ్జత్ పోతది" అన్నాడు. చూశారా, తన పరువు కాదు, తిట్టినవాడి పరువు గురించి ఆలోచించాడు.

ఎగ్జిట్ కొట్టలేదు గానీ కారు తాళాలు తీసుకుని, ఆ మేకల దొడ్డి దగ్గరే ఉండమన్నారు. రెండేళ్లు ఉన్నాడు. మీరు అడుగుతారు, మరి మేకపిల్లల మాటేమిటి, ఆ జంతువు మళ్లీ రాదా అని. నేనూ అడిగాను. అతను ఆ నల్లరాళ్లు ఒక్కొక్కటీ మోసుకొచ్చి దొడ్డి చుట్టూ ఛాతీ ఎత్తు గోడ కట్టాడు. పైన తుమ్మకంప పరిచాడు. చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఆ రెండేళ్లలో ఒక్క మేకపిల్ల పోలేదు. తల్లినీ చంపలేదు, పిల్లల్నీ చంపలేదు, మేకల్నీ పోనివ్వలేదు. మగతనం అంటే ఇంకేమిటో ఎవరైనా నాకు చెప్పండి.

మూడో ఏడు కఫీల్ గోడ చూడటానికి వెళ్లాడు. చుట్టూ తిరిగి, చేత్తో రాళ్లు తడిమి, జేబులోంచి కారు తాళాలు తీసి ఇచ్చాడు. ఆ తర్వాత ఆ తీరానికి చేపలకి పోయేవాళ్లు గానీ, తుపాకి మాత్రం పట్టుకుపోలేదు.

దగ్గు పేరు మాత్రం పోలేదు. యజమానురాలు జాలిపడి రోజూ తేనెలో నల్లజీలకర్ర పంపేది. రోగం లేని మనిషి, ఏళ్ల తరబడి కిమ్మనకుండా తాగాడు. మనవాళ్లయితే పండగలకి కలిసినప్పుడల్లా దగ్గు మందు సీసా చేతిలో పెట్టి, "ఏమన్నా, దుమ్ములగొండి నిన్ను అడిగింది" అనేవాళ్లు. "మంచిగున్నదా మరి?" అని అడిగేవాడు. వాళ్లు హాస్యం అనుకునేవాళ్లు. అతను నిజంగానే అడిగేవాడు.

ఇప్పుడీ దేశంలో వేట మీద గట్టి కట్టుబాట్లు వచ్చాయి. అలాంటి జంతువుని చంపితే జైలుకి కూడా పోవచ్చని మనవరాలు చదివి చెప్పింది. చట్టం చదివినవాళ్లంతా ఇప్పుడు చెబుతున్న మాట, బడికి పోని నా తమ్ముడు పదమూడేళ్ల ముందే చెప్పాడు.

కాగితాలు అయ్యేసరికి నాలుగు రోజులు పట్టింది. పెట్టె ఇంటికి పంపే ముందు ఆఖరి చూపుకి ఆసుపత్రి వెనక గదికి రమ్మన్నారు. నేను చూసి బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఇంకెవరూ లేరు. అప్పుడు కఫీల్ వచ్చాడు. ముసలివాడైపోయాడు, కర్ర లేనిదే నడవలేడు. కొడుకు చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. నన్ను చూసి తలవంచి, ఒక్కడే ఆ గది దాకా నడిచాడు.

ఆ దగ్గు సంగతి ఈ పదమూడేళ్లలో నేను అతనికి ఎప్పుడూ చెప్పలేదు. మాట తప్పేదాన్ని కాను.

గడప బయట ఆగాడు. రెండుసార్లు దగ్గాడు. కాసేపు ఆగి, అప్పుడు కాలు లోపల పెట్టాడు.