పిడికెడు కొబ్బరాకు

సాయంత్రం అమలాపురం నుంచి వచ్చే బస్సు దిగగానే పచ్చి కొబ్బరాకు గీస్తున్న వాసన తగిలింది. రోడ్డు పక్క ఇంటి అరుగు మీద ఎవరో చీపురు కోసం ఈనెలు తీస్తున్నారు. రోజంతా కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు మోసి చేతులు పడిపోయాయి. ముసురు పట్టిందంటే కుడి చీలమండ ఇప్పటికీ బరువెక్కుతుంది. ఇల్లు ఇంకా అర కిలోమీటరు దూరం. కాలవ తూము గట్టు మీద కూలబడ్డాను. నలుగురూ చూసే చోట ఇలా కూర్చోవడం నాకు నేర్పింది మంగమ్మ మామ్మగారు.

మూడేళ్ళ కిందట రేవు మెట్ల మీద పాచికి జారి ఆ చీలమండ విరగ్గొట్టుకున్నాను. లైబ్రరీ ఉద్యోగం అప్పుడే వచ్చింది. వేసవి సెలవులయ్యాక కాలేజీ తెరిచే రోజుకి చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. కట్టు విప్పిన డాక్టరు గారు, "విశ్రాంతి తీసుకోండి, కొంచెం కొంచెం నడవండి" అన్నారు. ఆ కొంచెం ఎంతో అడగడానికి నాకు సిగ్గు. పైగా అప్పటికే మంచం అలవాటైపోయింది. ఎవరూ పలకరించని చోటు, చేతికందే పుస్తకం, దిండు కింద డైరీ. నొప్పి లేకపోయినా ఉందని డైరీలో రాసుకున్న రోజులున్నాయి.

మామ్మగారిది మా పక్కిల్లు. చీపుళ్ళు కట్టి ఊళ్ళో అమ్మేవారు. ఎప్పుడో తుంటి విరిగిందట, ఒక పక్కకి ఒరిగి నడిచేవారు. ఒకరోజు పొద్దున్నే మా వరండా చివర కొబ్బరాకుల కుప్ప పడేసి, ఈ చివర కుర్చీ వేసి నన్ను పిలిచారు.

"పిల్లా, ఆ కుప్ప దాకా వెళ్ళు. పిడికిట్లో పట్టినన్ని ఆకులు తెచ్చుకుని ఇక్కడ కూర్చో. అన్నిటికీ ఈనెలు తీసేదాకా లేవకు. అయ్యేక మళ్ళీ వెళ్ళు."

"ఎన్నిసార్లండి?"

"చీపురు అయ్యేదాకా."

డాక్టరు గారు చెప్పని కొలత అలా దొరికింది. దాన్ని కూడా నేను సవ్యంగా పాటించలేదు. మొదటి వారం ఎక్కువసేపు కూర్చోవచ్చని పిడికెడుకి బదులు ఒడినిండా తెచ్చుకునేదాన్ని. "అది పిడికెడా? పెళ్ళి పందిరి వేస్తావా ఏంటి?" అని మామ్మగారు సగం ఆకులు లాగేసేవారు. కాలేజీ తెరిచే రోజు దగ్గరపడేసరికి భయం పట్టుకుంది. ఆవిడ లేని ఒక పూట రెండేసి ఆకులు తెస్తూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. సాయంత్రానికి పాదం పొంగి చెప్పు పట్టలేదు. మామ్మగారు వేలితో నొక్కి, పడిన గుంటని నాకు చూపించారు.

"అప్పుడూ దొంగవే, ఇప్పుడూ దొంగవే. అప్పుడు నడక ఎగ్గొట్టేవు, ఇప్పుడు కూర్చోడం ఎగ్గొట్టేవు."

మూడు రోజులు మంచం దిగలేదు. ఉద్యోగం పోయినట్టేనని ఏడ్చాను. నాలుగో రోజు కుప్ప మళ్ళీ వరండాలోకి వచ్చింది, మొదటి రోజు ఉన్న చోటికే.

తర్వాత అది రోజూ కాస్త దూరం జరిగింది. గేటు దగ్గరికి, వీధిలోకి, చివరికి ఈ తూము దగ్గరికి. ఇక్కడికి వచ్చాక, తిరిగి నడిచే ముందు ఇక్కడే కూర్చుని గీయాలన్నారు.

"అందరూ చూస్తారు మామ్మగారూ."

"చూడనీ. చేతిలో ఆకుంటే, ఎందుక్కూర్చున్నావని ఎవడూ అడగడు."

నిజంగానే ఎవరూ అడగలేదు. అంత దూరం ఆ కుప్పని మోస్తున్నది తుంటి ఒరిగిన ఆవిడేనని నాకు అప్పుడే తట్టింది.

"మరి మీరెప్పుడు కూర్చుంటారండీ?"

"నువ్వు నడిచినంతసేపూ నేనీ కుప్ప పక్కన కూర్చునే ఉంటన్నాను కదే."

కాలేజీ తెరిచే రోజు మామ్మగారు నా సంచిలో పిడికెడు ఆకులు పెట్టి, "ఒక బస్సు ముందే బయల్దేరు" అన్నారు. తూము దగ్గరికి వచ్చేసరికి కాలు లాగింది. కూర్చుని గీస్తుండగానే మొదటి బస్సు వెళ్ళిపోయింది. లేవాలని ప్రాణం కొట్టుకుంది, కానీ లేవలేదు. రెండో బస్సు ఎక్కి వేళకే చేరాను.

కిందటి వానాకాలం మామ్మగారు పోయారు. నా ఈనెలతో ఆవిడ కట్టిన చీపురు అరిగి మూరెడైంది, పారేయబుద్ధి కాదు.

ఇవాళ నేనలా తూము మీద కూర్చుని ఉండగా ఒక ఆటో ఆయన నన్ను చూసి ఆపారు. "ఏవమ్మా, ఇక్కడ కూర్చున్నారేం? ఎవరైనా రావాలాండీ?"

నా చేతిలో ఆకు లేదు. ఒకప్పుడైతే గబుక్కున లేచి నడిచిపోయేదాన్ని.

"లేదండి, అలిసిపోయాను" అన్నాను.

"ఆయ్, కూర్చోండమ్మా" అని ఆయన వెళ్ళిపోయారు. పిడికెడు ఆకులు గీయడానికి ఎంతసేపు పడుతుందో నా వేళ్ళకి తెలుసు. అంతసేపూ కూర్చుని, లేచి ఇంటికి నడిచాను.